సాంకేతిక వీక్షణం: ఉప్పుగాలిలో నిలిచే డిస్‌ప్లే బోర్డు

నిత్యజీవితంలో కంటపడే ఒక సాంకేతిక విషయాన్ని సులభశైలిలో వివరించడం ఈ శీర్షిక ఉద్దేశమని మా పాఠకులకు తెలిసినదే. ఈ సంచికలో డిజిటల్ డిస్‌ప్లే బోర్డులను, ముఖ్యంగా అండమాన్ నికోబార్ దీవుల వంటి ప్రదేశంలో వాటికి కావలసిన పరికరాలను తక్కువ ఖర్చుతో, నమ్మకంగా ఎంచుకొనే పద్ధతిని పరిశీలించదలచాము. కార్యాలయాలకు, కాలనీ సంక్షేమ సంఘాలకు, పాఠశాలలకు కూడా ఈ విషయం ఉపయోగపడగలదని మా విశ్వాసం.

బోర్డు అంటే అలంకారం కాదు

నల్లబల్ల మీద సుద్దముక్కతో వ్రాసిన ప్రకటన స్థానంలో ఇప్పుడు వెలుగుతెర వచ్చింది. ప్రధాన భూభాగంలో అది ఆగిపోతే కొంత అసౌకర్యం కలుగుతుంది. దీవులలో పరిస్థితి వేరు. ఫీనిక్స్ బే జెట్టీ నుండి ఏ పడవ ఎప్పుడు బయలుదేరుతుందో, సముద్రం అల్లకల్లోలంగా ఉన్నందువల్ల ఏ ప్రయాణం రద్దయిందో తెలియక ఒక కుటుంబం పిల్లలతో, సామానుతో గంటల తరబడి నిరీక్షించవలసి రావచ్చు. వైద్యం కోసం వచ్చిన రోగికి ఆ ఒక్క పడవ తప్పిపోతే మరునాటి వరకు దారి లేకపోవచ్చు. కనుక ఇక్కడి బోర్డు విషయంలో మొదట అడగవలసిన ప్రశ్న "ఎంత పెద్దది?" అన్నది కాదు. "అవసరమైన ఘడియలో వెలుగుతుందా?" అన్నదే.

2004 డిసెంబరు 26వ తేదీ సునామీని దీవులలో నివసించినవారెవరూ మరువలేరు. ఆ విషాదం తరువాత హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం, అనగా ఇన్‌కాయిస్, ఆవరణలో 2007లో సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం ఏర్పాటైంది. భూకంపం సంభవించిన సుమారు పది నిమిషాలలో అక్కడి నుండి తొలి ప్రకటన వెలువడగలదు. అయితే భూకంప కేంద్రం దగ్గరలో ఉన్నప్పుడు నికోబార్ తీరానికి అల అరగంటలోపే చేరగలదు. అంటే మధ్యలో మిగిలేది కొద్ది నిమిషాలు మాత్రమే. మత్స్యకారులకు చేపలు లభించే ప్రాంతాల వివరాలను, సముద్రస్థితి సూచనలను తెలిపేందుకు ఇన్‌కాయిస్ మన తీరంలోని చేపల రేవులలో ఎలక్ట్రానిక్ డిస్‌ప్లే బోర్డులను నెలకొల్పింది. ఆ బోర్డులు హెచ్చరికలకు కూడా ఉపకరించేవే. హైదరాబాదులో తయారైన సమాచారం ఎంత వేగంగా వచ్చినా, రేవులోని బోర్డు తుప్పుపట్టి చీకటిగా ఉంటే ఆ వేగం వలన ప్రయోజనమేమి?

తెర: ఎక్కడ పెడతామన్నదే మొదటి ప్రమాణం

తెర వెలుగును "నిట్" అనే కొలతతో చెబుతారు. ఇంట్లో మనం చూసే టీవీ సాధారణంగా 250 నుండి 350 నిట్ల వెలుగు ఇస్తుంది. గోడల మధ్య, నేరుగా ఎండ పడని నిరీక్షణ గదికి ఇది ఒక మాదిరిగా చాలును. కిటికీల వెలుతురు ఎక్కువగా ఉండే హాలుకు 500 నుండి 700 నిట్ల వాణిజ్య తెర కావలెను. ఆరుబయట ఎండలో చదవగలగాలంటే 2,000 నిట్లు, అంతకు మించినది అవసరమవుతుంది. ధర, విద్యుత్తు ఖర్చు కూడా ఆ మేరకు పెరుగుతాయి.

కాబట్టి ఖర్చు తగ్గించే మొదటి ఉపాయం దుకాణంలో లేదు, స్థలనిర్ణయంలో ఉన్నది. బోర్డును ఎండకు ఎదురుగా గాక చూరుక్రింద, ఉత్తరముఖంగా బిగించగలిగితే ఖరీదైన బహిరంగ తెర బదులు మధ్యతరగతి తెరతో పని జరుగుతుంది. నేరుగా ఎండసోకిన సాధారణ ఎల్.సి.డి. తెర వేడెక్కి మధ్యలో నల్లని మచ్చలాగా మారిపోవడం కూడా కద్దు. తెరలోని ద్రవస్ఫటికం ఒక ఉష్ణోగ్రత దాటిన తరువాత తన గుణాన్ని కోల్పోవడమే దీనికి కారణం. అదే ప్రకటన రోజంతా కదలక నిలిచే చోట ఓ.ఎల్.ఇ.డి. తెరలు వాడరాదు. అక్షరాల ముద్ర తెర మీద శాశ్వతంగా ఉండిపోతుంది.

ఇంటి టీవీని బోర్డుగా వాడవచ్చునా అని చాలామంది అడుగుతూ ఉంటారు. రోజుకు ఎనిమిది గంటలు, చల్లని గదిలో, అడ్డంగా బిగించి వాడితే వాడవచ్చును. అయితే మూడు విషయాలు గుర్తుంచుకోవాలి. గృహవినియోగపు టీవీల వారంటీ పత్రాలలో వాణిజ్య వినియోగానికి వర్తించదని వ్రాయడం పరిపాటి. నిలువుగా తిప్పి బిగిస్తే వేడి బయటకు పోయే మార్గం మారుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు టీవీ తనంతట తాను వెలగక, రిమోట్ కోసం ఎదురుచూడవచ్చు. వాణిజ్య తెరలకు రోజుకు 16 గంటలు, 24 గంటలు అని పనికాలాన్ని స్పష్టంగా పేర్కొంటారు. కరెంటు రాగానే వెలిగే సౌకర్యమూ ఉంటుంది. టీవీలకు భారతీయ ప్రమాణాల సంస్థ నమోదు తప్పనిసరి. వస్తువుపై "ఆర్" అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్యను ఆ సంస్థ వారి బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చును.

అక్షరం పరిమాణం, మన లిపి

పాఠకుడు నిలబడే దూరాన్ని బట్టి అక్షరాన్ని, అక్షరాన్ని బట్టి తెరను నిర్ణయించవలెను. మూడు మీటర్ల దూరానికి సుమారు రెండున్నర సెంటీమీటర్ల ఎత్తు అక్షరం హాయిగా చదువుకోవచ్చునని ఒక వాడుక లెక్క ఉన్నది. ఆ ప్రకారం పన్నెండు మీటర్ల దూరానికి పది సెంటీమీటర్ల అక్షరం కావలెను. 43 అంగుళాల తెర ఎత్తు సుమారు 53 సెంటీమీటర్లే. వరుసల మధ్య ఖాళీ తీసివేస్తే నాలుగు వరుసలకు మించి పట్టవు. అందులో పది పడవల పట్టిక ఇరికించితే చదివేవారుండరు. పెద్ద తెర కొనలేనప్పుడు విషయాన్ని రెండు మూడు పుటలుగా విభజించి చూపడం మేలు.

ఆరుబయట ఒకటి రెండు వరుసల సమాచారానికి ఎల్.ఇ.డి. చుక్కల బోర్డులు చవకగా లభిస్తాయి. బజారులో "పి-10" అనే పేరుతో దొరికే పలకలో చుక్కకు చుక్కకు మధ్య పది మిల్లీమీటర్ల దూరం ఉంటుంది. 32 సెంటీమీటర్ల వెడల్పు, 16 సెంటీమీటర్ల ఎత్తు గల పలకలో అడ్డంగా 32, నిలువుగా 16 చుక్కలు ఉంటాయి. మిల్లీమీటరుకు ఒక మీటరు చొప్పున, పది మీటర్ల ఆవలి నుండి చూసేవారికి ఇది బాగుంటుంది. దగ్గర నుండి చూసే చోట "పి-5" వంటి దట్టమైన పలక తీసుకోవలెను.

ఇక్కడ మన భాషకు సంబంధించిన ఒక మెలిక ఉన్నది. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుండి తరతరాలుగా వెళ్లి స్థిరపడిన కుటుంబాలు వారిలో ఎన్నో ఉన్నాయి. బెంగాలీ, హిందీ, తమిళ భాషీయులూ అధిక సంఖ్యలో ఉన్న ఆ దీవులలో బోర్డు ఒక్క ఆంగ్లంలోనే మాట్లాడితే సగం మందికి అది మూగదే. ఆంగ్ల అక్షరానికి 16 చుక్కల ఎత్తు సరిపోతుంది. కాని తెలుగు అక్షరానికి పైన గుడి, క్రింద వత్తు ఉంటాయి. "స్త్రీ" అన్న ఒక్క అక్షరాన్ని 16 చుక్కలలో స్పష్టంగా చూపడం దుర్లభం. రెండు పలకలను ఒకదానిపై ఒకటి పేర్చి 32 చుక్కల ఎత్తు తీసుకొంటే వత్తులు విడిగా కనబడతాయి. అంతేకాక, చవక కంట్రోలర్ కార్డులలో ముందుగా ఉన్న అక్షరమాలలు మన గుణింతాలను, వత్తులను సరిగా కలపలేవు. వత్తు పక్కకు జారి అర్థం మారిపోతుంది. కంప్యూటరులో తెలుగు వాక్యాన్ని కూర్చి, దానిని బొమ్మగా మార్చి బోర్డుకు పంపితే ఈ చిక్కు తీరుతుంది. కొనబోయే కంట్రోలర్ బొమ్మలను స్వీకరిస్తుందా, లేదా అన్నది కొనుగోలుకు ముందే ప్రత్యక్షంగా చూడవలసిన పరీక్ష.

వెనుకనున్న మెదడు

తెరకు సమాచారం అందించే చిన్న కంప్యూటరును "ప్లేయర్" అంటారు. దీనికి నాలుగు మార్గాలున్నాయి.

మొదటిది, తెరలోనే ఇమిడి ఉన్న ప్లేయర్. తీగలు తక్కువ, స్థలం తక్కువ. కాని అది పాతబడినప్పుడు తెరతో సహా మార్చే పరిస్థితి రావచ్చు. రెండవది, ఆండ్రాయిడ్ పెట్టె. అన్నిటికంటే చవక. అయితే పేరులేని తయారీలకు భద్రతా సవరణలు అందడం అరుదు. ఇంటి వినోదానికి చేసిన పెట్టె రాత్రింబవళ్లు పనిచేస్తే వేడికి త్వరగా అలసిపోతుంది. మూడవది, రాస్ప్‌బెర్రీ పై వంటి ఒకే బోర్డు కంప్యూటరు. 2012లో విద్యార్థుల కోసం వచ్చిన ఈ అరచేతి పరికరం కొద్ది వాట్ల విద్యుత్తుతోనే పనిచేస్తుంది, ఫ్యాను అక్కరలేకుండా అమర్చవచ్చును. నాలుగవది, చిన్న పి.సి. లేదా కార్యాలయంలో పక్కన పెట్టిన పాత డెస్క్‌టాప్. విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ కారణంగా మూలపడిన యంత్రాలలో లినక్స్ నింపి బోర్డు పనికి ఉపయోగించడం పొదుపే. కాని అది వాడే విద్యుత్తు ఒకే బోర్డు కంప్యూటరుకు అనేక రెట్లు ఉంటుందని లెక్కలో వేసుకోవలెను.

ఒకే బోర్డు కంప్యూటరుకు ఉన్న బలహీనత దాని మెమరీ కార్డు. వ్రాత జరుగుతున్న క్షణంలో కరెంటు పోతే కార్డులోని సమాచారం చెడిపోయి, మరునాడు యంత్రం లేవదు. కార్డును చదవడానికి మాత్రమే వీలయ్యే విధంగా అమర్చడం, మన్నిక గల కార్డు కొనడం, వీలైతే కార్డుకు బదులు ఎస్.ఎస్.డి. వాడడం దీనికి విరుగుడు. యంత్రం స్తంభించినప్పుడు తనను తాను తిరిగి ప్రారంభించుకొనే "వాచ్‌డాగ్" ఏర్పాటు తప్పక ఉండవలెను. నిచ్చెన వేసుకొని ఎక్కి స్విచ్చి నొక్కే మనిషి ప్రతి దీవిలోనూ ఉండడు కదా.

2021 నుండి 2023 వరకు ప్రపంచవ్యాప్తంగా చిప్పుల కొరత ఏర్పడినప్పుడు ఈ ప్రసిద్ధ పరికరం కూడా సకాలంలో దొరకడం కష్టమైంది. ఒకే తయారీ మీద సమస్తం ఆధారపడరాదన్నది ఆ అనుభవం నేర్పిన పాఠం. బోర్డు నడిపే సాఫ్ట్‌వేర్ రెండు మూడు రకాల ప్లేయర్లపై పనిచేసేదిగా ఉంటే, ఒకటి దొరకనప్పుడు మరొకటి ఆదుకొంటుంది.

ఉప్పు, తేమ, బల్లులు

దీవులలో పరికరాలకు అసలు శత్రువు వాతావరణం. సంవత్సరానికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షపాతం, ఏడాది పొడవునా అధిక తేమ, గాలిలో ఉప్పు. ఈ మూడూ కలిసి తీగ కొసలను పచ్చగా, మరలను ఎర్రగా మార్చివేస్తాయి. బయట పెట్టే పెట్టెకు కనీసం ఐ.పి. 65 రక్షణ ఉండవలెను. ఇందులో ఆరు అంకె దుమ్ము చొరబడదని, అయిదు అంకె నీటిధారకు తట్టుకొంటుందని తెలుపుతాయి. కాని ఈ అంకె ఉప్పు గురించి ఏమీ చెప్పదు. అందుకు ఉప్పుపొగమంచు పరీక్ష నివేదికను వేరుగా అడగవలెను. సర్క్యూట్లపై రక్షణపూత, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మరలు కోరవలెను. 304 రకం కంటె 316 రకంలో మాలిబ్డినం ఉన్నందున సముద్రపు గాలికి ఎక్కువ కాలం నిలుస్తుంది. మరల ఖర్చు స్వల్పం. అవి తుప్పుపట్టి తలుపు తెరవరాక పెట్టెనే పగులగొట్టవలసి వస్తే నష్టం అధికం.

తేమ గురించి ఒక చిన్న కిటుకు. రాత్రి పూర్తిగా ఆర్పివేసిన పెట్టె చల్లబడి లోపల చెమ్మ పడుతుంది. వెలుగు బాగా తగ్గించి నడిపితే ఆ కొద్ది వేడికే లోపలి భాగం పొడిగా ఉంటుంది. తీగలు వెళ్లే రంధ్రాలను రబ్బరు బిరడాలతో మూయకపోతే బల్లులు, చీమలు లోపల కాపురం పెడతాయి. బల్లి తగిలి షార్టు అయిన సర్క్యూటుకు ఏ వారంటీ వర్తించదు.

దీవులలో భూకంపాల భయమూ ఉన్నందున తెరను పలుచని విభజన గోడకు గాక దృఢమైన గోడకు, సరైన యాంకర్ బోల్టులతో బిగించవలెను. క్రింద కూర్చున్న ప్రయాణికుల క్షేమం కూడా బోర్డు పనిలో భాగమే.

విద్యుత్తు, వెలుతురు వేళలు

దీవుల విద్యుత్తు ప్రధాన భూభాగపు గ్రిడ్‌తో కలిసినది కాదు. అధికభాగం డీజిల్ జనరేటర్ల నుండి వస్తుంది. ఇటీవలి సంవత్సరాలలో సౌరవిద్యుత్తు తోడైంది. కనుక ప్రతి యూనిటూ సముద్రం దాటి వచ్చిన ఇంధనమేనని భావించడం మంచిది. ఒక ఉదాహరణ చూద్దాం. 80 వాట్ల తెర రోజుకు 16 గంటలు వెలిగితే సంవత్సరానికి సుమారు 467 యూనిట్లు ఖర్చవుతాయి. 400 వాట్ల బహిరంగ తెర అదే కాలం వెలిగితే 2,336 యూనిట్లు. అయిదేళ్లలో ఈ తేడా 9,000 యూనిట్లు దాటుతుంది.

తూర్పున చాలా దూరంలో ఉన్నా దీవులు మనతోపాటు ఒకే గడియారాన్ని పాటిస్తాయి. అందువల్ల వేసవిలో ఉదయం 5 గంటల ప్రాంతంలోనే సూర్యుడు ఉదయిస్తాడు, చలికాలంలో సాయంత్రం 5 గంటల ప్రాంతంలోనే అస్తమిస్తాడు. చెన్నైలోనో, హైదరాబాదులోనో అమర్చిన వెలుగు వేళలను అలాగే ఉంచితే దీవులలో చీకటి పడిన తరువాత కూడా తెర పూర్తి కాంతితో వెలుగుతూ, కళ్లు మిరుమిట్లు గొలుపుతూ, విద్యుత్తును వృథా చేస్తుంది. వెలుతురును గ్రహించి కాంతిని తగ్గించే సెన్సరు ఉంటే సరి, లేకపోతే వేళలను స్థానికంగా మార్చుకోవలెను. కాంతి తగ్గితే తెర ఆయుష్షూ పెరుగుతుంది.

ప్లేయరుకు, నెట్‌వర్క్ పెట్టెకు చిన్న యు.పి.ఎస్. తప్పనిసరి. పెద్ద తెరకు కనీసం స్టెబిలైజరు, మెరుపుల వల్ల కలిగే అధిక వోల్టేజీ నుండి కాపాడే సర్జ్ రక్షణ, సరైన ఎర్తింగు ఉండవలెను. ఈ మూడింటినీ మిగులు డబ్బుతో కొనవలసిన ఉపకరణాలుగా గాక, బోర్డులో అంతర్భాగాలుగా అంచనాలో చేర్చవలసినదిగా మనవి.

వార్త చేరే దారి

2020 ఆగస్టు 10న చెన్నై నుండి దీవులకు సముద్రగర్భ ఆప్టికల్ ఫైబర్ కేబులు ప్రారంభమైంది. సుమారు 2,300 కిలోమీటర్ల ఈ మార్గాన్ని ప్రభుత్వరంగ సంస్థ బి.ఎస్.ఎన్.ఎల్. అమలు చేసింది. 2024లో శ్రీ విజయపురంగా పేరు మార్చిన పోర్ట్ బ్లెయిర్‌తో పాటు స్వరాజ్ ద్వీప్, లాంగ్ ఐలాండ్, రంగత్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కామోర్టా, గ్రేట్ నికోబార్ దీనితో కలిశాయి. అంతకు ముందు ఉపగ్రహమే ఆధారం. సౌకర్యం పెరిగింది గాని, ఏ తీగైనా ఎప్పుడో ఒకప్పుడు తెగవచ్చును. అందుచేత బోర్డు ప్రతి క్షణం ఇంటర్నెట్ మీద ఆధారపడేదిగా ఉండరాదు. సమాచారాన్ని తనలో భద్రపరచుకొని, సంబంధం తెగినా చివరిసారి అందినదాన్ని, అది అందిన వేళతో సహా చూపగలగాలి. నిన్నటి పడవల పట్టికను నేటిదిగా చూపే బోర్డు కంటే ఆరిపోయిన బోర్డే నయం. పరికరంతో వచ్చిన పాస్‌వర్డును మొదటి రోజే మార్చవలెను. హెచ్చరికలు వెలువడే బోర్డులో బయటివారు అబద్ధపు వార్త పెడితే కలిగే కలవరాన్ని ఊహించుకోవచ్చును.

కొనుగోలు పత్రంలో వ్రాయవలసినవి

ప్రభుత్వరంగంలో ఇప్పుడు చాలా కొనుగోళ్లు 2016లో మొదలైన జెమ్ వేదిక ద్వారా సాగుతున్నాయి. తక్కువ ధర చెప్పినవారికే ఆర్డరు వెళుతుందని, అందుకే నాసిరకం వస్తుందని కొందరు వాపోతూ ఉంటారు. మా అభిప్రాయంలో లోపం తరచుగా నియమంలో గాక మనం వ్రాసిన కోరికలో ఉంటుంది. "43 అంగుళాల తెర" అని మాత్రమే వ్రాస్తే 43 అంగుళాల తెరే వస్తుంది. ఎన్ని నిట్లు, రోజుకు ఎన్ని గంటలు, ఎంత తేమ వరకు, ఏ ఉప్పు పరీక్ష, కరెంటు రాగానే వెలగడం, తెలుగు బొమ్మల ప్రదర్శన అన్నవి వ్రాసినప్పుడే అర్హులలో తక్కువ ధర వారు వస్తారు.

ధరను సంవత్సరాలతో భాగించి చూడడం అలవాటు చేసుకొందాం. 30,000 రూపాయల బోర్డు రెండేళ్లకు పోతే ఏడాదికి 15,000 రూపాయలు పడినట్లు. 60,000 రూపాయల బోర్డు ఆరేళ్లు నిలిస్తే ఏడాదికి 10,000 మాత్రమే. ఇవి ఉదాహరణకు తీసుకొన్న అంకెలే అయినా లెక్క మాత్రం ఎక్కడైనా ఇదే.

వారంటీ ఎన్నేళ్లన్నది ఎంత ముఖ్యమో, ఎక్కడన్నది అంతే ముఖ్యం. పాడైన తెరను చెన్నై సేవాకేంద్రానికి పంపవలసినదిగా షరతు ఉంటే, ఓడలో వెళ్లడానికే మూడు రోజులు పడుతుంది. రానూ పోనూ, మరమ్మతు కాలమూ కలిపితే నెల గడచిపోతుంది. కనుక అక్కడికే వచ్చి బాగుచేసే షరతు వ్రాయించవలెను. అన్ని చోట్లా ఒకే నమూనా బోర్డులు కొని, పది బోర్డులకు ఒక ప్లేయరు, ఒక పవర్ సప్లై, కొన్ని ఎల్.ఇ.డి. పలకలు స్థానికంగా నిల్వ ఉంచడం ఉత్తమం. మొత్తం సరకు రాకముందే ఒక్క బోర్డును తెప్పించి ఒక వర్షాకాలం రేవు వద్ద నడిపి చూడగలిగితే అంతకు మించిన పరీక్ష లేదు.

చివరగా ఒక మాట. ఎంత మంచి బోర్డైనా సైరనుకు, మైకుకు, మనిషి గొంతుకు ప్రత్యామ్నాయం కాదు. చూపు ఆననివారు, చదువు రానివారు, ఆ సమయంలో తెర వైపు చూడనివారు ఎందరో ఉంటారు. తీరాన బలమైన ప్రకంపన కలిగినప్పుడు ఏ బోర్డు కోసమూ ఎదురుచూడక ఎత్తైన ప్రదేశానికి వెళ్లవలెనని పిల్లలకు నేర్పడం ప్రతి కుటుంబం బాధ్యత. బోర్డు పక్కన నల్లబల్లను, సుద్దముక్కను తీసివేయవద్దని కూడా సంబంధిత అధికారులకు మా విన్నపం. వాటికి కరెంటు అక్కరలేదు, ఉప్పుగాలి వాటిని ఏమీ చేయలేదు.

తమ కార్యాలయాలలో, కాలనీలలో ఇటువంటి బోర్డులు నడుపుతున్న సోదర ఉద్యోగులు తమ అనుభవాలను, ముఖ్యంగా ఏ భాగం ముందుగా చెడిపోయినదీ, ఎన్ని నెలలకు చెడిపోయినదీ వ్రాసి పంపవలసినదిగా కోరుతున్నాము. ఒక రేవులో తెలిసిన సంగతి మరొక రేవులో ఖర్చును తప్పించగలదు. వచ్చే సంచికలో ఇంటి యు.పి.ఎస్. బ్యాటరీల సంరక్షణ గురించి ముచ్చటించుకొందాం. అంతవరకు సెలవు.